మైనం ఎక్కువైన మందు

పరీక్షలు ఇంకా పన్నెండు రోజులు ఉన్నాయనగా, ఒక శుక్రవారం సాయంత్రం, నా మనవరాలు ఎడమచెయ్యి ఓణీ కింద పెట్టుకుని ఇంట్లోకి వచ్చింది. ఆత్మకూరులో గైడు కొనుక్కొస్తానని పొద్దున్నే బస్సెక్కిన పిల్ల. గైడు కుడిచేతిలో ఉంది. ఎడమచెయ్యి మాత్రం కనపడలేదు. చెప్పుల బకిల్సు కూడా వంగి విప్పకుండా, గోడకు భుజం ఆనించి, కాలితో కాలిని రుద్ది విడిపించుకుంది. నేను చింతపండులో గింజలు తీస్తున్నాను. తల ఎత్తకుండానే చెయ్యి బయటికి తియ్యమన్నాను. వినపడనట్టు పోబోయింది. రెండోసారి అన్నాక తీసింది.

మణికట్టుకు లోపలివైపు రూపాయి బిళ్ళంత గులాబీ పువ్వు, కింద రెండు ఆకులు. చుట్టూ చర్మం కమిలిపోయి, గీతల మీద నీరు ఊరుతోంది.

విషయం ముక్కలు ముక్కలుగా బయటికొచ్చింది. గైడు కొన్నాక, అదే క్లాసులో చదివే ఇంకో ఇద్దరు ఆడపిల్లలతో కలిసి అనుమసముద్రంపేట పోయింది. శుక్రవారం కదా, దర్గా దగ్గర జనం. గాజులవాళ్ళ పక్కన ఒకాయన బ్యాటరీ మిషను పెట్టుకుని పచ్చబొట్లు పొడుస్తున్నాడు. పరీక్షలైపోతే ముగ్గురూ మూడు ఊళ్ళు పోతారు. అందుకని ముగ్గురూ ఒకటే పువ్వు వేయించుకున్నారు. మా చర్చి సంఘంలో పెద్దలు పచ్చబొట్టు కూడదంటారని దానికి తెలియకపోలేదు. కానీ నాకు ఆ క్షణాన అది కాదు పట్టింది.

"ఏ చేత్తో రాస్తావే నువ్వు?"

అది తన చేతి వంక చూసుకుంది. "ఎడమచెయ్యి ఇమ్మన్నాడు అవ్వా. అందరికీ ఎడమచేతికే వేస్తాడంట."

"నీకు నోరు లేదా చెప్పేదానికి?"

"ఆయన అడగలేదు. నాకు తోచలేదు."

పలక పట్టిన రోజు నుంచి అది ఎడమచేతి వాటమే. కుడిచేతికి మార్చాలని నేను చెయ్యని పని లేదు. అన్నం తినడం మారింది కానీ రాత మారలేదు. అక్షరాలు నాకంటే వెయ్యి రెట్లు బాగా రాస్తుంటే చూసి ఊరుకున్నాను. నేను మిషను బడిలో మూడో తరగతి దాకా చదివాను, అంతే.

దాని తండ్రి నా కొడుకు. దుత్తలూరు పక్క పల్లెలో బడిపంతులు. అక్కడ కాలేజీ లేక పిల్లను ఉదయగిరిలో నా దగ్గర పెట్టి ఇంటర్ చదివిస్తున్నాడు. ప్రతి శనివారం వచ్చి చూసిపోయేవాడు. మంచివాడే కానీ మాట అంటే మాట. ఇంటర్ ఒక్కసారిలో పాసైతే టీచర్ ట్రైనింగుకు పరీక్ష రాయిస్తాను, తప్పితే మళ్ళీ కట్టించేది లేదు, ఇంటికొచ్చి వాళ్ళమ్మకు సాయంగా ఉండాల్సిందే అని కరాఖండిగా చెప్పి ఉన్నాడు. ట్రైనింగు మీద పిల్ల ప్రాణం పెట్టుకుంది. దానికి ఉన్నది ఒక్క అవకాశం. అది ఆ చేతిలో ఉంది.

ఉదయగిరిలో ఆసుపత్రి లేక కాదు. అక్కడి కాంపౌండరు, నా కొడుకు ఒక బెంచీ మీద చదువుకున్నారు. ఇవాళ చెయ్యి చూపిస్తే రేపు దుత్తలూరులో తెలుస్తుంది. అదొక కారణం. రెండోది, పచ్చబొట్టు పుండుకు డాక్టరు ఎందుకనుకున్నాను. నా చిన్నప్పుడు ఎరుకలామె మూడు సూదులు కలిపి దారంతో కట్టి, దీపం మసిలో పసరు కలిపి, నా మోచేతి కింద చుక్కలు పొడిచింది. మా అమ్మ ఇంట్లో కాచిన మందు పూసింది. పది రోజులకు మానింది. ఆ మందు కాచడం నాకు తెలుసు. నేను మాన్పుతాను, మీ నాయనకు చెప్పే పనిలేదు, అన్నాను. పిల్ల నా కాళ్ళు పట్టుకున్నంత పనిచేసింది.

ఆ మందు పెద్ద విద్యేం కాదు. వేపాకు, గుంటగలగరాకు, కలబంద గుజ్జు, ఒక కొమ్ము కస్తూరి పసుపు. ఆకులు కచ్చాపచ్చాగా నూరి కొబ్బరినూనెలో వేసి సన్నని సెగ మీద పెట్టాలి. చిటపటమంటూ ఉంటుంది. ఆ చప్పుడు పూర్తిగా ఆగాలి. ఆగకముందే దించితే ఆకులో చెమ్మ మిగిలి వారానికే బూజు పడుతుంది. ఆగినాక పాత పంచె గుడ్డలో వడకట్టి, నూనె వేడిమీద ఉండగానే తేనె మైనం వేసి కరిగించి, దించి, చల్లారేదాకా పుల్లతో తిప్పాలి. నాలుగు పాళ్ళ నూనెకు ఒక పాలు మైనం. మా అమ్మ చెప్పిన లెక్క అది.

నా దగ్గర మైనం చాలా ఉంది. దుర్గం కొండ మీద తేనె తీసేవాళ్ళ దగ్గర పట్టుతో సహా కొంటాను. తేనె పిండుకున్నాక మిగిలిన పట్టును వేడినీళ్ళలో కాచి ముద్దచేసి దాచిపెడతాను, ఏదీ పారేయను. కొబ్బరినూనె మాత్రం సీసాలో సగమే ఉంది, నెల తిరిగేదాకా ఇద్దరి తలలకూ అదే. మైనం ఊరికే వచ్చింది, నూనె కొనాలి. అందుకని సగం నూనె, సగం మైనం వేశాను. చల్లారాక వేలు దిగలేదు. గోటితో గీరి తీసి అరచేతిలో వెచ్చచేస్తే తప్ప మెత్తబడలేదు. గట్టిగా ఉంటే ఎక్కువ రోజులు వస్తుందిలే అనుకుని ఖాళీ స్నో సీసాలో నింపాను.

"అవ్వా, ఇది కొవ్వొత్తి మాదిరి ఉండాది," అంది పిల్ల.

"పూయించుకొని గమ్మునుండు," అన్నాను.

పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి మందంగా పట్టించి పైన గుడ్డ చుట్టాను. రెండో రోజు పూయబోతే, పాతది తుడిచేద్దామా అవ్వా అని అడిగింది. కష్టపడి కాచిన మందు తుడిచి పారేస్తారా ఎవరైనా? దాని మీదే ఇంకో పొర వేశాను. పుండుకు నీళ్ళు తగలకూడదని మా కాలంలో గట్టి నమ్మకం. స్నానం చేసేటప్పుడు కూడా చెయ్యి పైకెత్తి పట్టుకోమన్నాను.

శనివారం నా కొడుకు వచ్చాడు. పిల్లకు పొడుగు చేతుల చొక్కా ఉన్న చుడీదారు వేయించాను. మార్చి ఎండకు అదేం గుడ్డలని అడిగాడు. క్లాసులో పిల్లలందరూ అట్లాగే వేసుకుంటున్నారని చెప్పాను. మంచం మీద కూర్చుని, కాఫీ తాగి, పాఠాలు ఎంతవరకు వచ్చాయో అడిగాడు. అది పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, ఎడమచెయ్యి పుస్తకం కింద ఉంచి, అడిగినవన్నీ నోటితో అప్పజెప్పింది. ఒకటి రాసి చూపించమంటాడేమోనని, గ్లాసు తీసుకునే వంకన నేను అక్కడే నిలబడ్డాను. బస్సు టైమైందని లేచాడు. అది గడప దాకా పోయి సాగనంపి, తిరిగి వచ్చి గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. నొప్పిగా ఉందా అని నేను అడగలేదు. అడిగితే ఉందని చెబుతుంది.

ఆదివారం గుడిలో పాట పుస్తకం కుడిచేత్తో పట్టుకుంది. సోమవారం వేళ్ళు లావెక్కినట్టు అనిపించింది. మంగళవారం పొద్దునకు ఒళ్ళు వెచ్చబడింది, గుడ్డ కింద నుంచి వాసన. మందు చాలట్లేదనుకుని ఇంకొంచెం మందంగా వేశాను. ఇప్పుడు తలుచుకుంటే నన్ను నేనే కొట్టుకోవాలనిపిస్తుంది, అప్పుడు మాత్రం నాకు ఒక్క అనుమానం రాలేదు. ఆ మధ్యాహ్నం అది పెన్ను పట్టుకోబోయి జారవిడిచింది. మళ్ళీ పట్టుకుంది. రెండు వేళ్ళు ముడవలేదు.

కుడిచేత్తో రాయమన్నాను. మాట నోట్లోంచి వచ్చినందుకు నాకే సిగ్గేసింది, అయినా అన్నాను. నోటుబుక్కు ముందు వేసుకుని కుడిచేత్తో మొదలుపెట్టింది. మూడు వాక్యాలకు అరగంట పట్టింది. ఒకటో తరగతి పిల్ల రాసినట్టు ఒక్కో అక్షరం ఒక్కో వైపు వాలింది. నా దిక్కు తిప్పి చూపించింది.

"దిద్దేవాళ్ళు చదవగలరా అవ్వా దీన్ని?"

నేను పొయ్యి దగ్గరికి లేచిపోయాను.

బుధవారం, ఆ ముగ్గురిలో ఒక పిల్ల గైడు అడిగి తీసుకుపోదామని వచ్చింది. పుస్తకం అందుకోవడానికి చెయ్యి చాపింది. అదే పువ్వు, అవే ఆకులు. చెయ్యి మామూలుగా ఉంది. గీతల మీద పొట్టు లేస్తోంది, కింద కొత్త చర్మం నిగనిగలాడుతోంది. ఆ పిల్ల మణికట్టు పట్టుకుని వెలుతురుకు తిప్పి చూశాను. ఏం పూసినావమ్మా అని అడిగాను.

"ఏం లేదవ్వా. సబ్బుతో కడుక్కుంటాను. ఎండినట్టుంటే రవ్వంత కొబ్బరినూనె."

ఇంకో పిల్లకూ ఇట్లాగే మానిందట. ముగ్గురికీ ఒకటే సూది, ఒకటే మనిషి పొడిచినాడు. ఎవరూ ఏమీ చెయ్యని ఇద్దరికీ మానింది. నేను మాన్పుతానన్న దానికి కుళ్ళింది. స్నేహితురాలి చెయ్యి నా మనవరాలూ చూసింది, నేను చూడటమూ చూసింది.

గురువారం తొలి బస్సుకు ఆత్మకూరు పోయాం. ఇంకా ఆరు రోజులు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని అది దిండులాగా వాచిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుంది. రోడ్డు గుంటల్లో బస్సు ఎగిరినప్పుడల్లా పళ్ళు కరుచుకునేది. ఎవరైనా తెలిసినవాళ్ళు ఎక్కుతారేమోనని ప్రతి స్టేజీ దగ్గరా నేను వాకిలి వైపు చూశాను.

ఆసుపత్రిలో డాక్టరు చూసి, ముందు శుభ్రం చేయించుకు రమ్మని కట్లు కట్టే గదికి పంపించాడు. అక్కడ నర్సమ్మ నా కంటే ఓ పదేళ్ళు చిన్నది. గుడ్డ విప్పి కాసేపు చూసి, దీనికేం పూసినారు అని అడిగింది.

"కొబ్బరినూనె," అన్నాను.

మనవరాలు నా ముఖం చూడలేదు. గోడమీద క్యాలెండరు చూస్తూ కూర్చుంది. నర్సమ్మ చిన్న పలక లాంటి ఇనుప పనిముట్టు తీసుకుని అంచున ఎత్తింది. పచ్చటి బిళ్ళ పైకి లేచింది. దాని కింద ఇంకొకటి. పిల్ల ఒక్కసారి ఊపిరి లోపలికి పీల్చి కుర్చీ చెయ్యి పట్టుకుంది.

"అవ్వా, ఇది మందా, గోడకి కొట్టే సున్నమా? పొర మీద పొర ఉండాది. కొబ్బరినూనె ఇట్టా పెళ్ళలుగా లేస్తాదా?"

అప్పుడు చెప్పాను. ఆకుల పేర్లు, మైనం, ఎంత నూనెకు ఎంత, తుడవకుండా ఎన్నిసార్లు పూసిందీ, నీళ్ళు తగలనియ్యకపోవడం, అంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. కడుగుతూనే, ఆకుల్లో తప్పు లేదని, పసుపులోనూ లేదని చెప్పింది.

"మైనంతో మూత బిగించినావు. కింద ఊరేది ఊరతానే ఉండాది, పొయ్యేదానికి దోవ లేదు. ఇది పచ్చిపుండుకి పూసేది కాదవ్వా. పుండు ఆరి, పొట్టు లేచి, దురద మొదలైనాక పూసేది. అదీ ఎంతనుకున్నావు? దోసె పెనాన్ని నూనెగుడ్డతో తుడుస్తామే, అంత."

మా అమ్మ పది రోజులు నాకు ఏం చేసిందో అప్పుడు గుర్తొచ్చింది. మొదటి రోజుల్లో వేపాకు నీళ్ళతో కడిగేది. మందు పూసింది చివర్లో. నాకు మందు గుర్తుంది, కడగడం గుర్తులేదు.

డాక్టరు ఒక సూది వేయించి, ఐదు రోజులకు మాత్రలు రాశాడు. కాచి చల్లార్చిన నీళ్ళతో రెండుపూటలా కడగమన్నాడు. గుడ్డ కట్టొద్దు, గాలి తగలనియ్యమన్నాడు. బుధవారానికి రాయగలదా అని అడిగాను. వాపు దిగొచ్చు, దిగకపోవచ్చు, ఇప్పుడే ఏం చెప్పలేనన్నాడు. ఇంకో నాలుగు రోజులు ఆగి వచ్చి ఉంటే రాత గురించి కాదు, చెయ్యి గురించి అడగాల్సి వచ్చేదని కూడా అన్నాడు.

తిరుగు బస్సులో మర్రిపాడు దాటినాక, కిటికీలోంచి బయటికి చూస్తూనే అడిగింది.

"కొబ్బరినూనె అని చెప్పింది నాకోసమా అవ్వా, నీకోసమా?"

"నాకోసమే," అన్నాను.

తల ఊపింది. అంతే. దాని కడుపులో ఎంత కోపం ఉందో నాకు తెలియదు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

ఆ రెండు రోజులూ నాకు వేరే పని లేదు. నీళ్ళు కాచడం, చల్లార్చడం, కడగడం, మెత్తటి గుడ్డతో అద్దడం, విసనకర్రతో విసరడం. కడిగినప్పుడల్లా వేళ్ళు ముడవమనేదాన్ని. మొదటిరోజు ముడవలేదు. శుక్రవారం సాయంత్రానికి ఒక వేలు సగం ముడుచుకుంది. అది చదువుకుంటూ ఉండేది, నేను చేతి వంక చూస్తూ ఉండేదాన్ని.

శనివారం నా కొడుకు వచ్చేసరికి దాచేదానికి గుడ్డ కూడా లేదు. దాచాలని కూడా లేదు. వాడు చెప్పులు విడవకముందే గడప దగ్గర నిలబడి అంతా చెప్పాను. పచ్చబొట్టు వేయించుకున్నది అది, పుండు చేసింది నేను, అని చెప్పాను. లోపలికి వచ్చి పిల్ల చెయ్యి పట్టుకుని చూశాడు. నావైపు తిరిగాడు.

"పోయిన శనివారం ఇదే మంచం మీద కూర్చోబెట్టి నాకు కాఫీ ఇచ్చినావు కదమ్మా."

"ఇచ్చినాను."

"అప్పుడు కూడా తెలుసు నీకు."

"తెలుసు."

పిల్లను పెన్ను పట్టి రాయమన్నాడు. అది పెన్నును వేళ్ళ సందున ఇరికించి, పెద్ద పెద్ద అక్షరాలతో రెండు వాక్యాలు రాసి ఆపి, మణికట్టు కుడిచేత్తో పట్టుకుంది. ఈ చేత్తో మూడు గంటలు ఎట్లా రాస్తుంది, ఈసారికి మానిపిద్దాం అన్నాడు. మానిపిస్తే అంతటితో చదువు ఆగినట్టేనని ముగ్గురికీ తెలుసు. పిల్ల వాళ్ళ నాయన వైపు చూడకుండా నావైపు చూసింది.

"రాయనీ," అన్నాను. "తప్పితే మళ్ళీ రాయించాల నువ్వు. నీ మాట దాని తప్పుకి పెట్టుకో. నా తప్పుకి దాన్ని ఇంట్లో కూర్చోబెట్టబాక."

వాడు సరే అనలేదు, కాదనలేదు. ఆ రోజు కాఫీ తాగకుండా పోయాడు.

ఆదివారం గుడి నుంచి వచ్చి, కొత్త కొబ్బరినూనె సీసా తెచ్చి మళ్ళీ మందు కాచాను. నాలుగు పాళ్ళకు ఒకటి. ఈసారి చల్లారాక వెన్నలాగా వేలు దిగింది. పాతది పెంటలో పారేశాను. పూయడానికి మాత్రం తొందరపడలేదు. సోమవారం కూడా పూయలేదు. మంగళవారం పొద్దున గీతల అంచున పొట్టు లేచింది, దురదగా ఉందంది. అప్పుడు పలచగా పూశాను. వేళ్ళు నాలుగూ ముడుచుకున్నాయి. బొటనవేలి కింద మాత్రం వాపు ఉంది. పువ్వులో పుండుపడ్డ చోట ఒక రేక రంగు మొత్తం పోయింది. మిగతా ఇద్దరికీ ఐదు రేకులు, దీనికి నాలుగు.

బుధవారం తెలుగు పేపరు. కాలేజీ దాకా తోడు పోయి, గేటు ఎదురుగా టీకొట్టు బెంచీ మీద కూర్చున్నాను. మొదటి గంట కొట్టారు. రెండో గంట కొట్టారు. టీకొట్టాయన టీ తాగుతావా అవ్వా అని రెండుసార్లు అడిగాడు. లోపల ఎన్ని అక్షరాలయ్యాయో, ఎక్కడ చెయ్యి ఆగిందో అని తప్ప నాకు ఇంకో ఆలోచన లేదు. ఎవరైనా ముందుగా బయటికొస్తే అదేమోనని లేచి నిలబడేదాన్ని. ముందుగా వచ్చినవాళ్ళలో అది లేదు.

చివరి గంట కొట్టినాక గుంపులో వచ్చింది. పెన్ను ఇంకా వేళ్ళ మధ్యనే ఉంది. రోడ్డు దాటి వచ్చి నా పక్కన కూర్చుంది. పెన్ను తీయబోతే రాలేదు, వేళ్ళు బిగుసుకుపోయాయి. నేనే ఒక్కో వేలూ విప్పి తీశాను.

"రాసినావా?"

"ఒకటి వదిలిపెట్టినాను. తెలుసు గానీ చెయ్యి రాలేదు."

"మిగతావి?"

"రాసినాను. పాసవుతాను అవ్వా." గొంతులో సంతోషం లేదు, లెక్క చూసి చెప్పినట్టు చెప్పింది. "ఎల్లుండి ఇంగ్లీషు. అప్పటికి ఈ వాపు దిగాల."

ఇంటికి వచ్చినాక పుస్తకం తెరిచి ముందు పెట్టుకుని, ఎడమచెయ్యి నావైపు చాపింది. మందు పూయమని అడగలేదు. నేను లేచి పొయ్యి మీద నీళ్ళు పెట్టాను.